డార్జిలింగ్‌లో పుట్టిన వివియన్ లీ.. ప్రేమను ఓడించిన వ్యాధి

1940 ఆగస్టు 31న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, సాంటా బార్బరా సమీపంలోని సాన్ యసిడ్రో విడిదిలో రాత్రివేళ ఒక వివాహం జరిగింది. వధువు వివియన్ లీ. వరుడు లారెన్స్ ఒలివియర్. ‘గాన్ విత్ ద విండ్’ చిత్రంలో స్కార్లెట్ ఓహారా పాత్రకు ఆమె ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుని అప్పటికి ఆరు నెలలు. ఆంగ్ల రంగస్థలంపై ఆయన అప్పటికే అగ్రశ్రేణి నటుడు. అంతటి పేరున్న ఆ జంట పెళ్లికి సాక్షులు ఇద్దరే. ఒకరు నటి కేథరిన్ హెప్‌బర్న్, మరొకరు రచయిత గార్సన్ కానిన్. పత్రికల కంట పడరాదన్న జాగ్రత్తతో ఎవరికీ ఆహ్వానాలు పంపలేదు.

ఇరవై ఏళ్లు నిలిచిన ఆ దాంపత్యాన్ని లోకం ఆదర్శ ప్రేమకు ప్రతీకగా భావించింది. చివరకు అది విడాకులతో ముగిసినప్పుడు కారణాలను ఇతరుల ఆకర్షణలోనూ, వృత్తిపరమైన పోటీలోనూ వెతికింది. ఆ రెండూ నిజమే. అయితే వాటన్నిటికీ అడుగున, ఆ దంపతులిద్దరికీ చాలా కాలం పేరైనా తెలియని మానసిక వ్యాధి ఒకటి ఉంది. ఆనాటి వైద్యం దానిని అదుపు చేయలేకపోయింది. వివియన్ లీ ప్రేమ జీవితాన్ని ఆ వ్యాధి నుంచి వేరు చేసి అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

డార్జిలింగ్ నుంచి లండన్‌కు

వివియన్ మేరీ హార్ట్‌లీ 1913 నవంబరు 5న డార్జిలింగ్‌లో జన్మించారు. తండ్రి ఎర్నెస్ట్ హార్ట్‌లీ కలకత్తాలో బ్రోకరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన భారత అశ్విక దళంలో అధికారిగా పనిచేశారు. ఆ రోజుల్లో తల్లి గెర్‌ట్రూడ్‌తో కలిసి చిన్నారి వివియన్ కొంతకాలం ఉదకమండలంలో ఉన్నారు. తల్లి నడిపిన ఔత్సాహిక నాటక బృందం తరఫున మూడేళ్ల వయసులోనే తొలిసారి వేదిక ఎక్కారు.

ఆంగ్లేయ కుటుంబాల ఆనవాయితీ ప్రకారం ఆరేళ్ల వయసులో ఆమెను ఇంగ్లండ్‌కు తీసుకెళ్లి, రోహాంప్టన్‌లోని సేక్రెడ్ హార్ట్ కాన్వెంటులో చేర్చారు. తల్లిదండ్రులు తిరిగి భారతదేశానికి వచ్చేశారు. గొప్ప నటిని కావాలన్న కోరికను ఆమె ఆ బడిలోనే తోటి విద్యార్థిని మౌరీన్ ఓ సల్లివన్‌తో పంచుకున్నారు. ఓ సల్లివన్ కూడా తర్వాతి కాలంలో హాలీవుడ్ తార అయ్యారు.

లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చదువుతున్న రోజుల్లో హెర్బర్ట్ లీ హోల్మన్ అనే న్యాయవాదితో ఆమెకు పరిచయమైంది. ఆయన ఆమెకన్నా 13 ఏళ్లు పెద్ద. నెమ్మదస్తుడు, మర్యాదస్తుడు. నాటకాల వారి పట్ల ఆయనకు సదభిప్రాయం లేదు. 1932 డిసెంబరు 20న వారి వివాహం జరిగింది. పెళ్లితో ఆమె నటనా శిక్షణ ఆగిపోయింది. 1933 అక్టోబరు 12న కుమార్తె సుజాన్ జన్మించింది. అప్పటికి వివియన్‌కు ఇరవై ఏళ్లు నిండలేదు.

గృహిణి జీవితం ఆమెకు సరిపడలేదు. చిన్న చిన్న వేషాలతో మళ్లీ నటన మొదలుపెట్టారు. భర్త పేరులోని ‘లీ’ని ఇంటిపేరుగా చేసుకుని, తన పేరులోని ఒక అక్షరాన్ని మార్చి ‘వివియన్ లీ’ అయ్యారు. 1935 మేలో లండన్‌లో ప్రదర్శించిన ‘ద మాస్క్ ఆఫ్ వర్చ్యూ’ నాటకంతో రాత్రికి రాత్రే ఆమె పేరు మారుమోగింది. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా ఆమెతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ నాటకం చూడవచ్చిన వారిలో లారెన్స్ ఒలివియర్ కూడా ఉన్నారు.

చట్టం కట్టిన గోడ

1936లో కోర్డా సంస్థ నిర్మించిన ‘ఫైర్ ఓవర్ ఇంగ్లండ్’ చిత్రంలో వివియన్, ఒలివియర్ ప్రేమికులుగా నటించారు. చిత్రీకరణ పూర్తయ్యేసరికి నటన నిజమైంది. అప్పటికి ఒలివియర్ కూడా వివాహితుడే. భార్య జిల్ ఎస్మండ్ నటి. ఆ ఏడాది ఆగస్టులోనే వారికి కుమారుడు టార్క్విన్ జన్మించాడు. రెండు ఇళ్లలో రెండు పసిబిడ్డలు ఉండగా మొదలైన ప్రేమ ఇది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ అపరాధ భావన వారిని చాలా కాలం వదలలేదు.

1937 జూన్‌లో డెన్మార్క్‌లోని ఎల్సినోర్‌లో, షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ కథ జరిగినట్లు చెప్పే క్రోన్‌బోర్గ్ కోట ఆవరణలోనే ఆ నాటక ప్రదర్శన తలపెట్టారు. ఒలివియర్ హామ్లెట్, వివియన్ ఒఫీలియా. తొలి రాత్రి కుండపోత వానకు బృందమంతా హోటలు హాలులోకి మారి నాటకం ఆడింది. ఆ పర్యటనలోనే ఒలివియర్ ఒక వింత గమనించారు. వేదిక ఎక్కబోయే ముందు వివియన్ అకారణంగా ఆయనపై విరుచుకుపడి, అంతలోనే మౌనంలోకి జారిపోయారు. మర్నాటికి ఆ ఘటన ఆమెకు గుర్తే లేదు. నటి మనోవేగంగా భావించి ఎవరూ దానిని పట్టించుకోలేదు. వ్యాధి కనబరిచిన తొలి గుర్తు అదేనని జీవిత చరిత్రకారులు తర్వాత గుర్తించారు.

డెన్మార్క్ నుంచి తిరిగి వచ్చాక ఇద్దరూ తమ తమ ఇళ్లు విడిచి కలిసి ఉండసాగారు. పెళ్లికి మాత్రం చట్టం అడ్డు నిలిచింది. నాటి ఇంగ్లండ్‌లో పరస్పర అంగీకారంతో విడాకులు పొందే వీలు లేదు. తప్పు చేసిన వారికి విడాకులు కోరే అర్హత లేదు. అన్యాయానికి గురైన భర్త లేదా భార్య న్యాయస్థానానికి వెళ్లి వ్యభిచారం వంటి కారణాన్ని రుజువు చేయాలి. హోల్మన్ గానీ, జిల్ ఎస్మండ్ గానీ అందుకు సిద్ధపడలేదు. అందువల్ల మూడేళ్ల పాటు వారిది రహస్యమూ కాని, బహిరంగమూ కాని సహజీవనంగా సాగింది.

హాలీవుడ్ జూదం

1938లో ‘వుదరింగ్ హైట్స్’ చిత్రం కోసం ఒలివియర్ హాలీవుడ్ వెళ్లారు. అందులో రెండో నాయిక పాత్ర ఇస్తామంటే వివియన్ నిరాకరించారు. ప్రధాన పాత్ర మెర్ల్ ఒబెరాన్‌కు దక్కింది. ఒబెరాన్ బొంబాయిలో పుట్టి, ఆ సంగతిని జీవితాంతం దాచిన నటి. ఒలివియర్ ఎడబాటు భరించలేక ఆ ఏడాది చివరలో వివియన్ కూడా అమెరికా చేరుకున్నారు. స్కార్లెట్ ఓహారా పాత్రకు డేవిడ్ ఓ సెల్జ్‌నిక్ ఇంకా నాయికను వెతుకుతున్నారన్న సంగతీ ఆమె మనసులో ఉంది. అట్లాంటా నగర దహన దృశ్యాన్ని చిత్రీకరిస్తున్న డిసెంబరు రాత్రి ఆమె నిర్మాత కంటపడ్డారు. కొద్ది రోజుల్లోనే ఆ పాత్ర ఆమెదైంది.

చిత్రీకరణ నెలల తరబడి సాగింది. ఆమెకు నచ్చిన దర్శకుడు జార్జ్ క్యూకర్‌ను మధ్యలో తొలగించి విక్టర్ ఫ్లెమింగ్‌ను నియమించారు. వివియన్, ఒలీవియా డి హావిలాండ్ రహస్యంగా క్యూకర్ ఇంటికి వెళ్లి సలహాలు తీసుకునేవారు. వివాహితులైన ఇద్దరి ప్రేమ వ్యవహారం బయటపడితే చిత్రానికి నష్టమని నిర్మాత భయపడ్డారు. వారిద్దరూ ఒకే చోట కనిపించకుండా కట్టడి చేశారు. ఒలివియర్ న్యూయార్క్ రంగస్థలానికి వెళ్లిపోయారు. త్వరగా పని ముగించుకుని ఆయనను చేరాలన్న ఆరాటంతో ఆమె ఎక్కువ గంటలు పనిచేశారు. 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ ఆమె చేతికి వచ్చింది.

ఆ ఏడాది ఆరంభంలోనే జిల్ ఎస్మండ్, హోల్మన్ ఇద్దరూ మెత్తబడి విడాకులకు సమ్మతించారు. టార్క్విన్ తల్లి వద్ద, సుజాన్ తండ్రి వద్ద పెరిగేలా నిర్ణయమైంది. తీర్పు ఖరారు కావడానికి చట్టం విధించిన ఆరు నెలల గడువు ఆగస్టులో ముగిసింది. వెంటనే సాన్ యసిడ్రోలో పెళ్లి జరిగింది. ప్రేమకు వారు చెల్లించిన మూల్యంలో తొలి భాగం పిల్లల ఎడబాటు.

పెళ్లినాటికే వారు చేతిలోని డబ్బంతా పోగొట్టుకున్నారు. సొంత సొమ్ము పెట్టి న్యూయార్క్‌లో ప్రదర్శించిన ‘రోమియో అండ్ జూలియట్’ ఘోరంగా విఫలమైంది. నష్టం పూడ్చుకోవడానికి కోర్డా తీసిన ‘దట్ హామిల్టన్ ఉమన్’ చిత్రంలో నటించారు. నౌకాధిపతి నెల్సన్, లేడీ ఎమ్మా హామిల్టన్‌ల వివాహేతర ప్రేమే ఆ చిత్ర కథ. బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్‌కు అది ఎంతో ఇష్టమైన చిత్రం. ఆ తర్వాత ఇద్దరూ యుద్ధంలో ఉన్న స్వదేశానికి తిరిగి వచ్చారు. ఒలివియర్ నౌకాదళ వైమానిక విభాగంలో చేరారు. వివియన్ 1943లో ఉత్తర ఆఫ్రికాలోని సైనికుల కోసం ప్రదర్శనలిచ్చారు.

వెండితెర ఆమెది, రంగస్థలం ఆయనది

వృత్తిలో ఈ దంపతుల బలాలు వేరు. వెండితెరపై ఆమె స్థానం భర్త కన్నా పైన. రంగస్థలంపై ఆయన స్థానం ఎవరికీ అందనిది. ఆమెకు గౌరవం ఉన్నది రంగస్థలం మీదే. భర్త సరసన, భర్తతో సమానంగా నిలవాలన్నది ఆమె జీవితకాల తపన. ‘హెన్రీ ఫిఫ్త్’ చిత్రంలో భర్తతో నటించాలనుకుంటే ఒప్పందం పేరుతో సెల్జ్‌నిక్ అడ్డుకున్నారు. ఎల్సినోర్‌లో ఆమె పోషించిన ఒఫీలియా పాత్రను 1948 నాటి ‘హామ్లెట్’ చిత్రంలో ఒలివియర్ పద్దెనిమిదేళ్ల జీన్ సిమన్స్‌కు ఇచ్చారు. 1953లో లండన్ వేదికపై ఆయనతో కలిసి ఆమె నటించిన ‘ద స్లీపింగ్ ప్రిన్స్’ నాటకం చిత్రంగా రూపొందినప్పుడు ఆ పాత్ర మార్లిన్ మన్రోకు వెళ్లింది. విమర్శకుడు కెన్నెత్ టైనన్, ఆమె స్థాయికి తగ్గట్టు భర్త తన ప్రతిభను తగ్గించుకుంటున్నారని రాశారు. తన అభిప్రాయం తప్పని ఆయన తర్వాత అంగీకరించినా, ఆ గాయం ఆమెను ఏళ్ల తరబడి బాధించింది.

1944లో ‘సీజర్ అండ్ క్లియోపాత్రా’ చిత్రీకరణ సమయంలో ఆమె గర్భవతి. సెట్టు మీద జారిపడిన తర్వాత గర్భస్రావమైంది. ఆ దుఃఖం సాధారణ విచారంలా తగ్గలేదు. తీవ్రమైన కుంగుబాటు, ఆ వెంటనే ఆవేశం, భర్తపై దాడి, కన్నీళ్లు, ఆపైన ఏమీ జ్ఞాపకం లేకపోవడం ఒక క్రమంగా మారాయి. అదే కాలంలో ఊపిరితిత్తిలో క్షయ కూడా బయటపడింది. బకింగ్‌హామ్‌షైర్‌లో వారు కొన్న నాట్లీ ఆబీ అనే పన్నెండో శతాబ్దపు మఠ భవనంలో నెలల తరబడి విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది.

మెల్‌బోర్న్‌లో ఒక యాదృచ్ఛికం

1947లో ఒలివియర్‌కు సర్ బిరుదం లభించింది. వివియన్ లేడీ ఒలివియర్ అయ్యారు. 1948లో ఓల్డ్ విక్ నాటక సంస్థకు నిధులు సమకూర్చేందుకు ఆ జంట ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో సుమారు ఆరు నెలలు పర్యటించింది. ‘రిచర్డ్ ద థర్డ్’, ‘ద స్కూల్ ఫర్ స్కాండల్’, ‘ద స్కిన్ ఆఫ్ అవర్ టీత్’ నాటకాలను ఊరూరా ప్రదర్శించారు. వెళ్లిన ప్రతి చోటా రాచమర్యాదలు జరిగాయి. తెర వెనుక మాత్రం ఇద్దరూ అలసిపోయారు. ఒలివియర్ మోకాలికి గాయమైంది. ఓల్డ్ విక్ సంస్థ సారథ్యం నుంచి ఆయనను తప్పిస్తున్నట్లు లేఖ అందింది. క్రైస్ట్‌చర్చ్‌లో పాదరక్షలు కనిపించలేదన్న చిన్న సాకుతో మొదలైన తగాదాలో దంపతులు ఒకరినొకరు చెంపదెబ్బలు కొట్టుకున్నారు. తమ దాంపత్యానికి బీటలు పడింది ఆ పర్యటనలోనేనని ఒలివియర్ తర్వాతి కాలంలో భావించారు. పీటర్ ఫించ్ అనే యువ నటుడు వారికి పరిచయమైందీ అప్పుడే. ఆయన ప్రతిభ మెచ్చి లండన్ రమ్మని ఆహ్వానించింది ఒలివియరే.

అదే 1948లో, వారు నాటకాలు ప్రదర్శించిన మెల్‌బోర్న్ నగరంలోనే, జాన్ కేడ్ అనే మనోవైద్యుడు ఉన్మాద రోగులకు లిథియం లవణాన్ని ఇచ్చి పరీక్షిస్తున్నారు. ఫలితాలను 1949లో ప్రచురించారు. ఉన్మాదానికీ కుంగుబాటుకూ మధ్య ఊగిసలాడే వ్యాధికి నేటికీ ముఖ్యమైన మందు అదే. ఆ వ్యాధిని నేడు బైపోలార్ డిజార్డర్ అంటున్నాం. అయితే మోతాదు మించితే లిథియం విషమవుతుంది. అందువల్ల వైద్యలోకం దానిని ఆదరించడానికి రెండు దశాబ్దాలు పట్టింది. అమెరికాలో దానికి అనుమతి లభించింది 1970లో. వివియన్‌కు అవసరమైన కాలంలో అది ఆమెకు అందుబాటులోకి రాలేదు.

ఇంగ్లండ్ తిరిగి వచ్చాక 1949 వసంతంలో ఒక రోజు, తనకు భర్త పట్ల ఇక ప్రేమ లేదనీ, సోదర భావమే మిగిలిందనీ ఆమె ఒలివియర్‌కు చెప్పారు. అది మనసు మాటో, వ్యాధి పలికించిన మాటో ఆయన తేల్చుకోలేకపోయారు. ఆ తర్వాత పదేళ్ల పాటు ఆ సందిగ్ధం వారి ఇంట్లో కొనసాగింది.

ఆ ఏడాదే ఒలివియర్ దర్శకత్వంలో లండన్‌లో ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ నాటకంలో ఆమె బ్లాంచ్ పాత్ర ధరించారు. మతి చలించిన స్త్రీ పాత్ర అది. 326 ప్రదర్శనలు ఇచ్చాక, ఎలియా కజాన్ తీసిన చిత్రంలోనూ అదే పాత్ర పోషించి రెండో ఆస్కార్ గెలుచుకున్నారు. ఆ పాత్ర తన మనసును దెబ్బతీసిందని ఆమె తర్వాత అనుకున్నారు.

సింహళంలో కుప్పకూలిన వేళ

1953 ఆరంభంలో ‘ఎలిఫెంట్ వాక్’ చిత్రం కోసం వివియన్ నేటి శ్రీలంకకు వెళ్లారు. తేయాకు తోట యజమాని భార్య పాత్ర ఆమెది. ఒలివియర్ ఆ చిత్రంలో నటించడానికి నిరాకరించడంతో భర్త పాత్ర పీటర్ ఫించ్‌కు దక్కింది. వారిద్దరి సాన్నిహిత్యం అక్కడ బలపడింది. దానితో పాటు వ్యాధి కూడా ముదిరింది. నిద్ర కరువైంది. సంభాషణలు గుర్తుండేవి కావు. హాలీవుడ్ చేరేసరికి ఆమె ఫించ్‌ను ఒలివియర్‌గా భ్రమించి మాట్లాడసాగారు. ఇటలీలో ఉన్న ఒలివియర్ హుటాహుటిన బయలుదేరి వచ్చి, మత్తుమందు ఇప్పించి విమానంలో ఆమెను స్వదేశానికి తీసుకెళ్లారు. ఆమె పాత్రను ఎలిజబెత్ టేలర్ పూర్తి చేశారు. దూరం నుంచి తీసిన కొన్ని దృశ్యాల్లో మాత్రం వివియన్ రూపం ఆ చిత్రంలో ఉండిపోయింది.

సర్రేలోని నెదర్న్ ఆసుపత్రిలో ఆమెకు చికిత్స జరిగింది. ఆనాటికి ఉన్న ప్రధాన మార్గం మెదడుకు విద్యుత్ ఘాతాలు ఇవ్వడమే. ఆ తర్వాతి ఏళ్లలో అది పదే పదే అవసరమైంది. చికిత్స గుర్తులు నుదుటిపై ఉండగానే ఆమె వేదిక ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి. చికిత్స తర్వాత తాను పెళ్లాడిన మనిషి ఈమె కాదేమోనన్న పరాయితనం ఒలివియర్‌ను ఆవరించింది. భార్యను ప్రేమించినవాడు క్రమంగా భార్యకు కాపలాదారు అయ్యారు. ఆయనా లోపాలకు అతీతుడు కారు. పనిలో తలదాచుకున్నారు, ఇతర స్త్రీలకు చేరువయ్యారు.

అయినా వివియన్‌ను రోగిగా మాత్రమే చూస్తే అన్యాయమవుతుంది. 1955లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ‘మాక్‌బెత్’తో సహా మూడు షేక్‌స్పియర్ నాటకాల్లో భర్త సరసన నటించారు. 1956లో 42 ఏళ్ల వయసులో మళ్లీ గర్భం ధరించారు. అదీ నిలవలేదు. 1957లో సెయింట్ జేమ్స్ థియేటర్‌ను కూల్చవద్దని ఊరేగింపు తీశారు. ప్రభువుల సభలో సందర్శకుల స్థానం నుంచి లేచి నిరసన తెలిపి, బయటకు పంపబడ్డారు. ఆ థియేటర్ మాత్రం దక్కలేదు.

విడిపోయాక మిగిలిన ప్రేమ

అదే కాలంలో నటి జోన్ ప్లోరైట్ ఒలివియర్ జీవితంలోకి వచ్చారు. 1960 మేలో న్యూయార్క్‌లో నటిస్తున్న వివియన్, భర్త తన నుంచి విడాకులు కోరుతున్నారనీ, తాను అంగీకరిస్తున్నాననీ పత్రికలకు స్వయంగా ప్రకటన ఇచ్చారు. డిసెంబరులో విడాకులు మంజూరయ్యాయి. 1961 మార్చిలో ఒలివియర్, ప్లోరైట్ వివాహం జరిగింది.

చివరి ఏళ్లలో ఆమెకు తోడు నిలిచింది నటుడు జాక్ మెరివేల్. 1940లో విఫలమైన ‘రోమియో అండ్ జూలియట్’లో చిన్న వేషం వేసిన యువకుడే ఆయన. ఆమె వ్యాధి గురించి అన్నీ తెలిసే ఆ బాధ్యత తీసుకున్నారు. ఒలివియర్ చాయాచిత్రం ఆమె మంచం పక్కనే ఉండేది. మెరివేల్ దానికి అభ్యంతరం చెప్పలేదు. మొదటి భర్త హోల్మన్ కూడా ఆమెను మరువలేదు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. విడిపోయిన తర్వాత కూడా ఆమె కష్టకాలంలో సలహా కోరింది ఆయననే. కుమార్తె సుజాన్‌తో అనుబంధం కూడా పెద్దయ్యాక బలపడింది.

ఆమె పని మానలేదు. 1961లో ‘ద రోమన్ స్ప్రింగ్ ఆఫ్ మిసెస్ స్టోన్’లో నటించారు. 1963లో ‘తొవారిచ్’ సంగీత నాటకానికి టోనీ పురస్కారం పొందారు. 1965లో విడుదలైన ‘షిప్ ఆఫ్ ఫూల్స్’ ఆమె చివరి చిత్రం.

1967 వేసవిలో క్షయ తిరగబెట్టింది. లండన్‌లోని ఈటన్ స్క్వేర్ ఇంట్లో మంచం పట్టి, కొత్త నాటకానికి సిద్ధమవుతూనే ఉన్నారు. జులై 7 రాత్రి నాటకం ముగించుకుని వచ్చిన మెరివేల్‌కు ఆమె నిద్రలో కనిపించారు. కొద్దిసేపటి తర్వాత చూసేసరికి నేలపై పడి ఉన్నారు. అప్పటికే ప్రాణం పోయింది. ఆమె వయసు 53. అప్పుడు ఒలివియర్ క్యాన్సర్ చికిత్స కోసం ఆసుపత్రిలో ఉన్నారు. కబురు అందగానే అక్కడి నుంచి బయలుదేరి ఆ ఇంటికి చేరుకున్నారు. ఆమె పార్థివదేహం వద్ద నిలబడి, తమ మధ్య జరిగిన అన్యాయాలన్నిటికీ మన్నింపు కోరుకున్నానని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. మర్నాటి రాత్రి లండన్ వెస్ట్ ఎండ్ థియేటర్ల వెలుపలి దీపాలను గంటసేపు ఆర్పివేశారు.

గోల్డర్స్ గ్రీన్‌లో అంత్యక్రియలు జరిగాయి. ససెక్స్‌లో ఆమె చివరి ఏళ్లలో ఇష్టపడి కొనుక్కున్న టికరేజ్ మిల్ ఇంటి పక్కనున్న కొలనులో చితాభస్మాన్ని కలిపారు.